అర్ధణా చోట నాలుగణాలు

మార్చి అయిదో తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు దుబాసమ్మ అర్ధణా విలువైన మాటకు నాలుగణాలు అంది. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో తెలిసి తెలిసి లెక్క తప్పు చెప్పడం ఆమెకు అదే మొదలు. ఆ మాట వినడానికి ఎదురుగా చెక్కబల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకరు ఓడ వంటాయన భార్య. రెండో ఆవిడ దుబాసమ్మను కన్నతల్లి.

ఆ లెక్క ఎలాంటిదో ముందు చెప్పుకోవాలి.

రేవు వీధిలో తాళ్ళ కొట్టు పైన, పద్దెనిమిది మెట్లెక్కితే, ఓడలకు మనుషులను కుదిర్చే ఆఫీసు ఒకటుంది. ఒకటే గది. గోడకు సముద్రాల పటం, దాని కింద ఇనుప బీరువా, కిటికీ పక్కన ఏజెంటుగారి మేజా, తలుపు పక్కన దుబాసమ్మ మేజా. మధ్యలో ఫోను. బల్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు పని కోసం కూర్చునే ఉంటారు. ఓడల యజమానులు మాట్లాడేది ఇంగ్లీషు. ఓడలెక్కే మనుషులకు ఆ భాష రాదు. ఏజెంటుగారు ఇంగ్లీషు చదవగలరు గాని, ఫోనులో వినబడే యాస ఆయన చెవికి అందదు. ఆ నడిమి వంతెన దుబాసమ్మ. పాత ఓడ మనుషులు పెట్టిన ఆ పేరే నిలిచిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా మిగల్లేదు.

ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక ఫిట్టరు విషయంలో ఆమెకు బుద్ధి వచ్చింది. యజమాని తరఫు మనిషి అతనితో, మీ సంగతి తప్పకుండా మనసులో పెట్టుకుంటాం అన్నాడు. ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పింది. ఫిట్టరు సంబరపడి, చేతికొచ్చిన వేరే పని వదులుకుని, నాలుగు నెలలు ఆ బల్ల మీదే కూర్చున్నాడు. చివరికి అతని భార్య వచ్చి, "ఏమ్మా, మా ఆయన్ని మనసులో పెట్టుకున్నారు సరే, ఓడలో ఎప్పుడు పెట్టుకుంటారు?" అని అడిగింది. ఏజెంటుగారు నవ్వారు. దుబాసమ్మకు నవ్వు రాలేదు. మాట సరిగ్గానే దాటించింది, మనిషి మాత్రం నట్టేట్లో మునిగాడు.

ఆ సాయంత్రమే ఆమె నీలం అట్ట పుస్తకం ఒకటి కొంది. ఇంగ్లీషువాళ్ళు జరగదు అన్న సంగతిని ఎన్ని రకాలుగా చెబుతారో అందులో రాయడం మొదలుపెట్టింది. మాట, అన్న తేదీ, అన్న మనిషి, విన్న మనిషి, మూడు నెలల తర్వాత ఏం జరిగిందన్న సంగతి. అయిదు గడులు. ఆ అయిదో గడిని బట్టి ఒక్కో మాటకు విలువ కట్టేది. కొలత తల్లి దగ్గర నేర్చుకున్నది. తల్లి పరుపులు కుట్టేది. దూది పన్నెండణాలు, పీచు నాలుగణాలు కలిపితే ఒక రకం, సగం సగం కలిపితే ఇంకో రకం. రూపాయికి పదహారు అణాలుండే రోజులు ఎప్పుడో పోయినా ఆ కొలత ఆవిడ నోట్లోంచి పోలేదు. వాన వచ్చేది పదణాలు, అల్లుడు మంచివాడయ్యేది ఆరణాలు, ఇలా లోకంలో నమ్మకమున్న ప్రతిదాన్నీ అణాల్లోనే తూచేది.

ఆ విధంగా "మీ సంగతి మనసులో పెట్టుకుంటాం" అన్న మాటకు రెండణాలు పడింది. "చూద్దాం"కు మూడు. "కాదని అనలేను" అంటే పదణాలు. ఆ మాట విన్న పదహారు మందిలో పదిమంది ఓడ ఎక్కారు మరి.

పుస్తకం నిండుతున్నకొద్దీ ఆమెకు ఒక సంగతి తెలిసివచ్చింది. చిన్న చిన్న అసాధ్యాలకు ఇంగ్లీషువాడు హాస్యమాడతాడు. జీతం పెంచమంటే, పందులు ఎగిరినప్పుడు చూద్దామంటాడు. ఓడ వేళకు వస్తే నా టోపీ నేనే నమిలి మింగుతానంటాడు. ఊపిరి బిగబట్టుకుని మాత్రం ఎదురుచూడవద్దంటాడు. మనవాళ్ళు కాకి తెల్లబడినప్పుడు, కుందేలికి కొమ్ములు మొలిచినప్పుడు అనడం లాంటిదే. కాని నిజంగా గుండె పగిలే సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు పందులూ ఉండవు, టోపీలూ ఉండవు. గొంతు మెత్తబడుతుంది. వాక్యం పొడుగవుతుంది. పాము చావకుండా, కర్ర విరగకుండా, ఎక్కడా కాదన్న మాట లేకుండా పని ముగుస్తుంది. హాస్యంగా చెప్పింది చిన్న అసాధ్యం, మర్యాదగా చెప్పింది పెద్ద అసాధ్యం. ఇది ఆమె పుస్తకం మొదటి పేజీలో రాసుకున్న మాట.

ఓడ మనుషులకు ఆ పుస్తకం మీద గురి కుదిరింది. ఫోను పెట్టేయగానే, ఆయన ఏమన్నాడని ఎవరూ అడిగేవారు కారు. "ఎన్నణాలక్కా?" అనేవారు. ఎనిమిది దాటితే సంచీ సర్దుకునేవాళ్ళు. నాలుగైతే ఇంకో వారం ఆగేవాళ్ళు. అణా కూడా లేకపోతే ఆమె అంకె చెప్పేది కాదు, పుస్తకం మూసేసేది. దుబాసమ్మ పుస్తకం మూసిందంటే మెట్లు దిగడమే. ఒక కుర్ర ఖలాసీ ఒకసారి, "మా మామ పిల్లనిస్తానన్నాడక్కా, ఎన్నణాలో చూడు" అన్నాడు. "మీ మామ ఇంగ్లీషువాడైతే చెప్పేదాన్ని. తెలుగువాడి మాటకు నా దగ్గర పుస్తకం లేదు" అంది ఆమె.

ఆ ఆఫీసు నుంచే ఆమె తమ్ముడు ఓడెక్కాడు.

అక్కకూ తమ్ముడికీ పన్నెండేళ్ళ తేడా. వాడికి ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి పరుపులు కుట్టి, అక్క టైపు కొట్టి వాణ్ణి పెంచారు. మంచు ఫ్యాక్టరీలో చాలాకాలం పని చేసి, చల్లదనానికి వేళ్ళు మొద్దుబారిపోతున్నాయనీ ఇక వేడిగా ఉండే చోటికి పోతాననీ మొండికేశాడు. ముప్పై ఏడేళ్ళ వయసులో, ఇంజను గదిలో యంత్రాలకు నూనె పట్టే పనికి ఒక ముసలి కెప్టెను ముందు నిలబడ్డాడు. అక్కే దుబాసి. అన్నీ అడిగి చివరికి కెప్టెను, ఇతన్ని కాదని అనలేను అన్నాడు. "పదణాలురా" అంది అక్క. వాడు ఎక్కేశాడు. ఆమె ఆ మాటకు ఆరణాలని చెప్పి ఉంటే తల్లి పంపేది కాదు.

మెట్లు దిగుతూ వాడు వెనక్కి తిరిగాడు.

"నేను ఉత్తరం రాసేది ఎన్నణాలక్కా?"

"నువ్వా? పందులు ఎగిరినప్పుడు."

మూడు నెలలకు మొదటి ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఉత్తరం కాదు. నూనె మరకల చీటీ మీద రెక్కలున్న పంది బొమ్మ. కింద ఒక్క అక్షరమూ లేదు. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి, "వీడికి సముద్రంలో ఇవా కనబడుతున్నాయి?" అంది. అలాంటి పందులు రెండేళ్ళలో అయిదు వచ్చాయి. దుబాసమ్మ వాటిని నీలం అట్ట లోపల అతికించుకుంది.

మార్చి రెండో తేదీ ఆదివారం తెల్లవారుజామున ఆ ఓడ, ఒక పక్కకు ఒరుగుతున్నామని కబురు పంపింది. తర్వాత మరే కబురూ లేదు. ఓడలో పంతొమ్మిదిమంది. అందులో ఈ ఆఫీసు పంపినవాళ్ళు ఇద్దరు, తమ్ముడూ వంటాయనా.

రోజూ సాయంత్రం నాలుగింటికి ఓడ యజమానుల పెద్దాఫీసు నుంచి ఫోను వచ్చేది. అందరికీ వినబడేలా ఏజెంటుగారు స్పీకరు పెట్టేవారు. అక్కడి ఇంగ్లీషు అధికారి గొంతు నిదానంగా, ప్రతి మాటనూ చేత్తో పట్టుకుని కింద పెడుతున్నట్టు ఉండేది. మూడో తేదీన విమానాలు బయలుదేరాయన్నాడు. ఎనిమిదణాలు. నాలుగో తేదీన నీళ్ళ మీద నూనె తెట్టు కనబడిందన్నాడు. ఆరణాలు. రెండు రోజులూ దుబాసమ్మ లెక్క నిజాయితీగానే చెప్పింది.

అయిదో తేదీన ఆయన చెప్పినది ఇది. ఓడ తాలూకు ప్రాణరక్షణ పడవ ఒకటి దొరికింది. బోర్లా తేలుతోంది, లోపల ఎవరూ లేరు. ఈ దశలో ఇంకెవరైనా దొరికితే, నిజం చెప్పాలంటే, తనకు చాలా ఆశ్చర్యంగా ఉంటుంది.

చాలా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ మాట పుస్తకంలో పంతొమ్మిదిసార్లు ఉంది. పంతొమ్మిదిసార్లూ ఆశ్చర్యపోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. సున్నా వేయడానికి చేయి రాక ఎప్పుడో అర్ధణా వేసి ఉంచింది.

ఆమె ఫోను మీంచి తలెత్తింది. బల్ల మీద తల్లి, ఒళ్ళో చేతిసంచీ, చూపు కూతురి నోటి మీద.

"పడవ దొరికిందట" అంది దుబాసమ్మ.

ఖాళీది అన్న మాట రావలసిన చోట ఊపిరి వచ్చింది. ఆ ఊపిరిలోనే ఇద్దరాడవాళ్ళూ ఒకరి చేయి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

"పడవ దొరికితే మనుషులు అక్కడక్కడే ఉంటారు కదే?" అంది తల్లి. "ఎన్నణాలు?"

"నాలుగణాలు."

"నిన్నటికన్నా తగ్గిందేం?"

"రోజులు గడుస్తున్నాయి కదమ్మా."

"నాలుగణాలు తక్కువేం కాదు పెద్దమ్మా" అంది వంటాయన భార్య. "మా ఆయన మూడణాల మీదే ఓడెక్కాడు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే తల్లి కొడుకు పరుపు మేడ మీదికి మోయించింది. ఆవిడ చేత్తో కుట్టిన పరుపు, పీచు కలపని పదహారణాల దూది. మనిషి లేని రెండేళ్ళలో అది గట్టిపడింది. రోజూ ఎండలో వేసి, కర్రతో కొట్టి, సాయంత్రం తిప్పి వేయడం పనిగా పెట్టుకుంది. "ఉప్పునీళ్ళలో నానిన ఒళ్ళు. మెత్తగా లేకపోతే నిద్రపట్టదు" అంది. దుబాసమ్మ ఒక కొస పట్టుకుని మెట్లెక్కించింది. నోరు తెరవవలసిన సమయం అదేనని ఆమెకు తెలుసు. కాని పరుపు బరువుగా ఉంది, మెట్లు ఇరుకు, తల్లి పైమెట్టు మీద ఆయాసపడుతోంది. తర్వాత చెబుదాం అనుకుంది.

తర్వాత అన్నది రోజూ వచ్చింది, రోజూ పోయింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఫోను మోగేది. నిదానపు గొంతు కొత్త సంగతేమీ లేదని పొడుగాటి వాక్యాల్లో చెప్పేది. "తగ్గిందా?" అని తల్లి అడిగేది. "తగ్గలేదు" అని కూతురు చెప్పేది. అది నిజమే. అర్ధణా కన్నా తగ్గడానికి ఏముంది?

అబద్ధం తన ఇంటి గడప దాటదనుకుంది దుబాసమ్మ. అక్కడే ఆమె పొరబడింది. ఆ వీధిలో ఆమె చెప్పిన అంకె ఎవరి నోట పడినా అలాగే, ఒక్క అణా తేడా లేకుండా, పక్క మనిషికి చేరేది. నమ్మకమంటే అదే మరి.

వంటాయన తండ్రి కింద తాళ్ళ కొట్టులో నలభై ఏళ్ళు తాళ్ళు పేనినవాడు. వీధి మొత్తానికి తాళ్ళ తాత. షుగరు మనిషి. ఫిబ్రవరి చివర్లో కొక్కెం గుచ్చుకుని కుడికాలి బొటనవేలు పుండయింది, మానలేదు. మార్చి మొదట్లో ఆసుపత్రిలో చేర్చారు. వేలు తీసేయాలన్నారు డాక్టర్లు. తాత ఒప్పుకోలేదు. కొడుకు రావాలి, చూడాలి, వాడు ఊఁ అనాలి, అప్పుడు తీయించుకుంటాను అన్నాడు. కోడలు బతిమాలింది. "దుబాసమ్మ ఎంతంది?" అని అడిగాడు. నాలుగణాలని చెప్పింది కోడలు. "ఆ పిల్ల నాలుగంటే నాలుగే. ఆగుతాను" అన్నాడు.

ఈ సంగతి దుబాసమ్మకు పన్నెండో తేదీ బుధవారం దాకా తెలియదు.

ఆ రోజు వంటాయన భార్య నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చింది. చేతిలో ఆసుపత్రి కాగితం. బల్ల మీద ఎప్పటిలాగే దుబాసమ్మ తల్లి పక్కన కూర్చుంది.

"అక్కా, ఇవాళ నాకు గట్టి లెక్క కావాలి" అంది. "డాక్టరు ఈ శుక్రవారం దాటితే తన చేతుల్లో లేదంటున్నాడు. విషం పైకి పాకుతోందట. మా మామయ్య మొండిఘటం, నీకు తెలిసిందే. మీ అబ్బాయికి బదులు నేను సంతకం పెడతానంటే, నాలుగణాలుండగా నువ్వెవరే పెట్టడానికి అంటాడు. నువ్వు ఇంకో మాట చెబితే తప్ప వినడు."

"నాలుగణాలని... ఆయనకు చెప్పావా?"

"చెప్పకుండా ఎలా ఉంటానక్కా? రోజూ అడిగేది అదే కదా."

గోడ గడియారంలో ముల్లు నాలుగు మీదికి వచ్చింది. ఫోను మోగింది.

నిదానపు గొంతు ఆ రోజు ఇంకా నిదానంగా ఉంది. ఎంతో బాధతో తెలియజేస్తున్నానంది. వెతకవలసినదంతా వెతికారంది. విమానాలను వెనక్కి పిలిచారంది. ఇంకా ఆశ పెట్టుకోమని కుటుంబాలకు చెప్పడం న్యాయంగా ఉంటుందని తాను అనుకోవడం లేదంది. ఆ పొడుగాటి మర్యాదంతటిలో చనిపోయారన్న మాట ఒక్కసారీ లేదు.

ఏజెంటుగారు ఫోను పెట్టేశారు.

"విమానాలు వెనక్కి వెళ్ళిపోయాయి" అంది దుబాసమ్మ. "ఇక వెతకరు."

"ఎన్నణాలక్కా?"

దుబాసమ్మ నీలం పుస్తకం మూసేసింది. ఎనిమిది రోజులుగా అది ఆమె ముందు తెరిచే ఉంది. మూసిన చప్పుడు పెద్దదేమీ కాదు గాని, ఆ గదిలో దాని అర్థం తెలియనివాళ్ళు లేరు.

"ఇవాళ పోయింది కాదు" అంది ఆమె. "అయిదో తేదీనే పోయింది. ఆ రోజు దొరికిన పడవ ఖాళీది. బోర్లా పడి దొరికింది. ఆ మాట నేను మీకు చెప్పలేదు. ఆ రోజు లెక్క అర్ధణా. నాలుగణాలని నేనే కల్పించాను."

వంటాయన భార్య చేతిలో కాగితం వంక చూసుకుంది. ఏడవలేదు. ఏదో పద్దు సరిచూసుకుంటున్నదానిలా నెమ్మదిగా అంది.

"అయిదో తేదీన మా మామయ్యకు బొటనవేలు మటుకే నల్లబడిందక్కా. ఇవాళ పిక్క దాకా వచ్చింది."

"నా తల్లి ఎదురుగా కూర్చుని ఉంది" అంది దుబాసమ్మ. "ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను."

"నాకూ ఇంటి దగ్గర మొహాలున్నాయి కదక్కా. ఆ మొహాలకు నేనేగా రోజూ చెప్పింది."

ఆమె లేచింది. పైట భుజం మీదికి లాక్కుని, కాగితం నాలుగు మడతలు పెట్టి, మెట్లు దిగింది. నాలుగైదు మెట్ల దాకా అడుగుల చప్పుడు మామూలుగానే వినబడింది. తర్వాత ఆగింది. కాసేపటికి గోడకు ఆనుకుని ఒక గొంతు చిన్నగా, తెగకుండా ఏడవడం వినబడింది. ఏజెంటుగారు కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు. తర్వాత అడుగులు కిందికి సాగాయి.

దుబాసమ్మ తల్లి ఆ సాయంత్రం ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, ముందుగదిలో కుట్టుమిషను పక్కన కింద కూర్చుంది. అప్పుడు అడిగింది.

"అర్ధణా అంటే ఎంతే? ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే అమ్మా."

"లేనప్పుడు అర్ధణా ఎందుకు మరి? సున్నా అనరాదూ?"

"ఇంగ్లీషువాళ్ళు సున్నా అనరమ్మా. ఎక్కడో కొంచెం మిగులుస్తారు."

"నువ్వు ఇంగ్లీషుదానివా?"

దుబాసమ్మ తలవంచుకుంది.

"దూదిలో పీచు కలిపితే కలిపానని చెప్పి అమ్మాను" అంది తల్లి. "ముప్పై ఏళ్ళు అమ్మాను. అణా అటూ ఇటూ ఒకరికి చెప్పలేదు. నా కొలత తీసుకెళ్ళి, నా కొడుకు విషయంలో, నాకే తప్పు కొలిచావు." గొంతులో కోపం లేదు. ఉంటే దుబాసమ్మకు తేలికగా ఉండేది. "ఎనిమిది రోజులు ఆ పరుపు కొట్టానే. పెద్దదానా, ఎనిమిది రోజులు. నువ్వు పక్కన నిలబడి కొస పట్టుకున్నావు."

"వాణ్ణి పంపింది కూడా నా లెక్కేనమ్మా" అంది దుబాసమ్మ. "పదణాలన్నాను. ఆ మాట నన్ను తినేస్తోంది. మళ్ళీ నా నోటితోనే వాడు లేడని..."

"అది తప్పు లెక్క కాదు. ఉన్నదే చెప్పావు. ఓడ మునగడం నీ పుస్తకంలో లేదు." తల్లి కుట్టుమిషను కాలు పట్టుకుని లేచి నిలబడింది. "ఉన్నది చెప్పినదానికి నేనెప్పుడూ నిన్ను అడగను. చెప్పనిదే నా కడుపులో ఉండిపోతుంది."

ఆ తర్వాత ఆవిడ ఏడ్చింది. దుబాసమ్మ దగ్గరికి వెళితే చేత్తో వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

తాళ్ళ తాతకు శుక్రవారం ఆపరేషను జరిగింది. కోడలే సంతకం పెట్టింది. బొటనవేలితో పోవలసినది మోకాలి పై దాకా తీశారు. మొదటివారంలో ఒప్పుకుని ఉంటే పాదం మిగిలేదన్నాడు డాక్టరు. ఆ డాక్టరు తెలుగువాడు. చెప్పవలసినదేదో తిన్నగానే చెప్పాడు.

తర్వాతి వారం సోమవారం పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు, మంచి కాగితం. వంటాయన భార్య, దుబాసమ్మ తల్లి బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. దుబాసమ్మ ఉత్తరాన్ని వాక్యం వాక్యంగా తెలుగులో చదివింది. ఎక్కడా ఏదీ తగ్గించలేదు, ఏదీ వదల్లేదు. చదవడం అయ్యాక అలవాటు కొద్దీ తలెత్తి, ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. ఎన్నణాలని ఎవరూ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. తాళ్ళ తాత మంచం తలవైపు ఎత్తి ఉంది. దుప్పటి కింద ఒక పక్క ఎత్తు మోకాలి పైననే ఆగిపోయింది. మంచం పట్టీకి కట్టిన గుడ్డపీలికను ఆయన వేళ్ళు తెలియకుండానే పేనుతున్నాయి.

"కూర్చోవే" అన్నాడు.

ఆమె నిలబడే ఉంది. "తాతా, ఈ కాలు నా మూలాన పోయింది."

"కోడలు చెప్పింది." వేళ్ళు పీలికను పేనుతూనే ఉన్నాయి. "కాలి సంగతి తర్వాత తిడతాను, ఓపిక రానీ. ముందు ఒకటి చెప్పు. వాడి సంగతి. నాకు అణాలొద్దు. ఉన్నాడా, లేడా?"

"లేడు తాతా."

"నీ తమ్ముడు?"

"వాడూ లేడు."

తాత తల ఊపాడు. ఆ రెండు మాటలూ ఆమె అంతకుముందు ఏ భాషలోనూ అని ఉండలేదు. "ఇక వెళ్ళు" అన్నాడాయన, మొహం గోడవైపు తిప్పుకుని. "మళ్ళీ వారం రా. అప్పటికి తిట్టగలను."

శనివారం ఆఫీసుకు మధ్యాహ్నం దాకే పని. దుబాసమ్మ ఇంటికి వచ్చేసరికి ఆకాశం మసకబారి ఉంది. మేడ మీదికి వెళ్ళి చూస్తే తల్లి పిట్టగోడ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కొడుకు పరుపు ఇంకా అక్కడే, ఆరుబయట పరిచి ఉంది. పది రోజులుగా దాన్ని కొట్టలేదు, తిప్పలేదు, కిందికి దించలేదు. గాలి తిరిగింది. మబ్బు సముద్రం వైపు నుంచి ముందుకు వస్తోంది.

"వానొచ్చేలా ఉందమ్మా" అంది దుబాసమ్మ. తల్లి ఎప్పటిలా పదణాలనో పన్నెండణాలనో అంటుందని ఒక క్షణం ఆగింది. తల్లి అనలేదు. "పరుపు లోపల వేద్దామా?"

దూది తడిస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. గడ్డకట్టి, లోపల కుళ్ళి, విప్పి ఏకినా మళ్ళీ పరుపుగా పనికిరాదు. ముప్పై ఏళ్ళలో తల్లి ఒక్క పరుపునూ తడవనివ్వలేదు.

"ఉండనీ" అంది తల్లి.

మొదటి చినుకులు గుడ్డ మీద పడి, ఒక్కొక్కటీ నల్లటి మచ్చలా నిలిచాయి. దుబాసమ్మ కొస పట్టుకోవడానికి వంగబోయి, ఆగి, తల్లి పక్కన నేల మీద కూర్చుంది. వాన పెద్దదైంది. ఇద్దరూ లేవలేదు.